మొదటి వంతు

శంషాబాదులో ప్రార్థించేవాళ్ళకు ఒక అలవాటు పడుతుంది. విమానం నెత్తి మీదుగా పోతున్నంతసేపు నోరు ఆపుతారు. ఎంత భారంతో ప్రార్థిస్తున్నా సరే, మా ప్రార్థన గది రేకులు వణకడం మొదలవగానే మాట మధ్యలో ఆగి, చప్పుడు రావిర్యాల దిక్కుకు వెళ్ళిపోయాక ఆగినచోట మళ్ళీ అందుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం విమానంతో పోటీపడి గొంతు పెంచుతారు. కొన్ని వారాలకు వాళ్ళూ నేర్చుకుంటారు. దేవునికి ఎలాగూ వినబడుతుంది, ఆమేన్ అనవలసిన పక్కవాళ్ళకే వినబడదు.

ఆ ఆగడం కోసం ఎదురుచూసిన మనిషిని ఒక్కరినే ఎరుగుదును. రేకులు కదలగానే "వచ్చింది నా విమానం" అని గొణిగి, భుజాలు వదిలేసి గోడకు ఆనుకునేవారు. చప్పుడు పోయాక మళ్ళీ నిటారుగా కూర్చునేవారు. గాలి మారి విమానాలు అటువైపు నుంచి లేచే రోజుల్లో మా గది నిశ్శబ్దంగా ఉండేది. మేము దేవునికి స్తోత్రం చెప్పుకునేవాళ్ళం. ఆమె ముఖం మాత్రం చిన్నబోయేది. "ఇవాళ నాకు విశ్రాంతి లేదండీ" అనేవారు. మేము నవ్వేవాళ్ళం. హాస్యమాడుతున్నారనుకున్నాం.

ఆమెను భూస్థాపన చేసి రెండు వారాలైంది. మేమంతా ఆమెను టీచరమ్మ అనేవాళ్ళం. ఇక్కడా అలాగే రాస్తాను. తన పేరు ముందుకు రావాలని కోరుకున్న మనిషి కాదు. మా మధ్య ఉన్న ఆ కొన్నేళ్ళలో ఒకే ఒక్క విషయంలో తనను ముందు పెట్టమని అడిగారు. అడిగింది నన్నే.

సొంత ఊరు గుంటూరు వైపు. ఇక్కడి జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవారు. భర్తకు కొత్తూరులో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఈ మూడు ముక్కలు తప్ప ఆమె జీవితం గురించి నాకు తెలియదు. అడగలేదు కూడా. నాకు ముందుగా గుర్తొచ్చేది ఆమె గడ్డం.

అది ఎప్పుడూ కాస్త పైకెత్తి ఉండేది. మనిషితో మాట్లాడేటప్పుడు తల వెనక్కి వాల్చి, సగం వాలిన రెప్పల కింద నుంచి చూసేవారు. మా ఇళ్ళలో అలా చూసేవాళ్ళను ఏమంటారో చెప్పనక్కరలేదు. నవ్వూ అంతే. పై పెదవి మధ్యలో లేచేది, చివరలు లేచేవి కావు. చూసినవాళ్ళకు తమను వెక్కిరిస్తున్నట్టుండేది. ఎయిర్‌పోర్టులో శుభ్రం చేసే పనికి పోయే మా రాహేలు మొదటి రోజే నా చెవిలో అన్నది: "అక్కా, గామె మనల్ని జూసి ఏం నవ్వుతున్నది? సదువుకున్నదని జర పొగరున్నట్టుంది."

"మెల్లగ తెలుస్తది తియ్" అన్నాను. నాకూ అలాగే అనిపించిందని చెప్పలేదు.

మా గది ఉన్న సందు మొదట్లో చెరకురసం బండి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం టీచరమ్మ అక్కడ ఆగి, ఒక ఐసు ముక్క అడిగి తీసుకుని, చేతిరుమాలులో చుట్టి కంటికి అదుముకుంటూ వచ్చేవారు. కాసేపు ఈ కన్ను, కాసేపు ఆ కన్ను. రుమాలు తడిసి చెంపల మీద నీళ్ళు కారేవి. మా ప్రార్థనలో అందరికంటే పెద్దది ఎస్తేరమ్మ. ఆమె అది చూసి ఒకనాడు అందరి ముందు మెచ్చుకుంది. "జూడుండ్రి. మనకు పాటలు పాడినంక గూడ కండ్లు తడవయి. ఈమె గడప దాటకముందే ఏడుస్తది. గట్లుండాలె ప్రార్థన భారమంటే."

టీచరమ్మ రుమాలు విప్పి చూపించారు. "కన్నీళ్ళు కాదండీ, ఐసు. చల్లదనం తగిలితే రెప్ప కాసేపు నిలబడుతుంది."

అందరూ నవ్వారు. ఎస్తేరమ్మ నవ్వలేదు. ఇచ్చిన మెచ్చుకోలును వెనక్కి ఇచ్చేసేవాళ్ళను ఆమె అంత తొందరగా క్షమించదు.

ఆ జబ్బు పేరు మయస్తీనియా. టీచరమ్మ దాచుకోలేదు, వచ్చిన కొత్తలోనే చెప్పారు. మేమే దాన్ని మాకు తెలిసిన మాటలోకి దింపుకున్నాం. నరాల బలహీనత అన్నాం. మా దగ్గర నిద్ర పట్టకపోయినా, కాళ్ళు గుంజినా, మనసు బాగుండకపోయినా నరాల బలహీనతే. దవాఖానకు పోతే ఒక సూది వేస్తారు, తగ్గుతుంది.

"నా నరాలు గట్టివేనండీ" అని ఆమె ప్రతిసారీ దిద్దేవారు. "నరం చెప్పాల్సింది చెప్తూనే ఉంటుంది. కండకే అందదు."

"రెండూ ఒకటే గద టీచరమ్మా" అనేది ఎస్తేరమ్మ.

"కాదండీ" అనేవారు. ఆ మాట కూడా గడ్డం పైకెత్తే అనేవారు.

ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు పిల్లలకు సండే స్కూలు ఆమే చెప్పేవారు. ఒకసారి తలుపు దగ్గర నిలబడి విన్నాను. దేవుడు మనిషి శరీరాన్ని ఎంత ఆశ్చర్యంగా చేశాడన్నది ఆ రోజు పాఠం. పిల్లలను రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చోబెట్టారు. మధ్య జానెడు ఎడం. ఒక వరస పిల్లల ఒళ్ళో శనగలు పోశారు.

"మీరు నరం, వాళ్ళు కండ. ఒకరినొకరు తాకకూడదు" అన్నారు. "మన ఒంట్లో నరం కండను తాకదు. పక్కనున్న నరాన్ని కూడా దాదాపుగా తాకదు. మధ్యలో కంటికి కనబడనంత సన్నని ఖాళీ ఉంటుంది. చెయ్యి ఎత్తు అనే కబురు ఆ ఖాళీ దాటాలి. అందుకని నరం తన చివర నుంచి ఒక మందు లాంటిదాన్ని అవతలికి విసురుతుంది, మీరు గింజలు విసిరినట్టు. అవతల పట్టుకునే చేతులుండాలి. పట్టుకున్నవాళ్ళు చెయ్యి ఎత్తండి."

పిల్లలు విసిరారు. ఎదుటి వరస దోసిళ్ళు పట్టి, అందినవాళ్ళు చేతులెత్తారు. "మళ్ళీ" అన్నారామె. "మళ్ళీ." ఆపకుండా విసిరేసరికి ఒళ్ళో గింజలు తగ్గి గుప్పెళ్ళు కాస్తా చిటికెళ్ళయ్యాయి. "చూశారా, వరసగా చెప్తూ పోతే ఏ నరమైనా విసిరేది తగ్గుతుంది. అయినా ఫరవాలేదు. అవతల చాలా చేతులున్నాయి కాబట్టి కబురు అందుతుంది." అప్పుడు కండ వరసలో చాలామంది దోసిళ్ళ మీద రుమాళ్ళు కప్పి, అవతలి వరసకు మళ్ళీ గుప్పెళ్ళ నిండా గింజలిచ్చారు. మొదటి విసురు మిగిలిన దోసిళ్ళలో పడింది, చేతులు లేచాయి. విసిరేకొద్దీ గింజలు రుమాళ్ళ మీద పడి చాప మీదికి దొర్లాయి. కాసేపటికి ఒక్క చెయ్యీ లేవలేదు.

"టీచర్, నేను మంచిగనే ఇసిరిన" అని ఒక పిల్ల ఏడుపు ముఖం పెట్టింది.

"మంచిగానే విసిరావు తల్లీ. కాసేపు ఆగు. గింజలు ఏరుకో. ఆగితే మళ్ళీ గుప్పెడవుతాయి."

ఆమె గొంతు ఆ గదంతా నిండిపోయింది. నేను తలుపు దగ్గర నిలబడి, ఆరాధన వేళకు ఈ శనగలన్నీ ఎవరు ఊడుస్తారా అని ఆలోచించాను.

మా శుక్రవారం ప్రార్థనను మా అత్తమ్మ మొదలుపెట్టింది. ఆమె పోయాక నా చేతికి వచ్చింది. గొలుసు ప్రార్థన అంటాం. చాప మీద గుండ్రంగా కూర్చుని, ఇరుపక్కలవాళ్ళ చేతులు పట్టుకుని కళ్ళు మూసుకుంటాం. మొదటి వంతు నడిపించే మనిషిది. తన ప్రార్థన కాగానే కుడిపక్క చెయ్యిని ఒకసారి ఒత్తుతుంది. ఒత్తు అందినవాళ్ళు అందుకుని, తమది కాగానే పక్కవాళ్ళ చెయ్యి ఒత్తుతారు. అలా చుట్టూ తిరిగి నడిపించే మనిషి ఎడమచేతికి వచ్చాక ఆమె ఆమేన్ చెప్పి ముగిస్తుంది. వంతులు పాతవాళ్ళ నుంచి కొత్తవాళ్ళకు పోతాయి. నా కుడిపక్క ఎస్తేరమ్మ. చివరి మనిషికి ముందు రాహేలు. అందరికంటే కొత్త కాబట్టి, ఆఖరున, నా ఎడమపక్క టీచరమ్మ.

పొద్దంతా కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చేవారు. ఇక్కడ మొదట పాటలు, తర్వాత బైబిలు వాక్యం, ఆపైన అందరి ప్రార్థనలు. ఆమె వంతు వచ్చేసరికి మొదటి వాక్యం స్పష్టంగా ఉండేది. రెండోది ముక్కుతో వచ్చేది. మూడోది పెదవులు దాటేది కాదు. తర్వాత మౌనం. నేను ఒత్తు కోసం ఎదురుచూసేదాన్ని. రాదు. మనసులో ప్రార్థిస్తున్నారేమో అనుకునేదాన్ని. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కదిలేవాళ్ళు. రాహేలుకు రాత్రి డ్యూటీ బస్సు ఉండేది. ఒకసారి కళ్ళు మూసుకునే అన్నది: "టీచరమ్మ దేవుని చెవుల మాట్లాడుతున్నట్టుంది. ఈడ మన బస్సు పోతున్నది."

చాప చుట్టూ నవ్వు పాకింది. నా ఎడమచేతిలోని చెయ్యి చల్లగా ఉంది. ఐసు పట్టుకున్న చెయ్యి అది.

ఆ తర్వాత నేను ఒత్తు కోసం చూడడం మానేశాను. కాస్త మౌనం కాగానే ఆమేన్ చెప్పేదాన్ని. అందరికీ వీలుగా ఉండేది. కొన్నిసార్లు నేను ముగించి కళ్ళు తెరిచేసరికి ఆమె పెదవులు ఇంకా కదులుతూ ఉండేవి.

ఒక శుక్రవారం ఆమె చెప్పుల దగ్గర నా కోసం ఆగారు.

"అక్కయ్యగారూ, ఒక మాట. నాకు మొదటి వంతు ఇస్తారా?"

"మొదటిదంటే? నేను మొదలువెట్టేదా?"

"అదేనండీ. పాటల కంటే ముందే పెట్టినా సరే. అప్పటికి నాకింకా గొంతు ఉంటుంది. మీరు ఆఖర్న ఉండి ముగించండి."

"అది మా అత్తమ్మ కాలం నుంచి వస్తున్న పద్ధతి టీచరమ్మా. మీకు కష్టమైతే ఊకె కూసోండ్రి. మీ కోసం మేం జేస్తం గద ప్రార్థన."

ఆమె తల వెనక్కి వాల్చి నన్ను చూశారు. "నా కోసం మీరు చేస్తారు, తెలుసండీ. నాకు చెయ్యాలని ఉంది."

ఆమె భర్త స్కూటరు తెచ్చి పిలవడంతో వెళ్ళిపోయారు. వెనక నుంచి వింటున్న ఎస్తేరమ్మ చెప్పులు తొడుక్కుంటూ అన్నది: "మొదటి పీట కావాల్నట. విందుకు పోతే ఎన్కకు కూసోవాల్నని మన పిల్లలకు సెప్పేది ఈమెనే. సదువు గట్ల జేస్తది మనిషిని."

నేను గదికి తాళం వేశాను.

మరుసటి శుక్రవారం వాక్యం చెప్పడం నా వంతు. వెతకకుండానే దొరికింది. విందుకు పిలిస్తే అగ్రపీఠం ఎంచుకోవద్దని ప్రభువు చెప్పిన ఉపమానం. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తకపోవడం ప్రేమ అనుకున్నాను. ముందు కూర్చున్నవాణ్ణి లేపి వెనక్కి పంపినప్పుడు కలిగే సిగ్గు గురించి బాగా చెప్పాను. ఎస్తేరమ్మ పదే పదే ఆమేన్ అన్నది. టీచరమ్మ కంటికి ఐసు అదుముకుని, గడ్డం ఎత్తి, చివరిదాకా విన్నారు. అయ్యాక దగ్గరికి వచ్చి "మంచి వర్తమానం చెప్పారు అక్కయ్యగారూ" అన్నారు. మాటలో వెక్కిరింపు లేదు. నవ్వు మాత్రం ఎప్పటిలాగే ఉంది. వెళ్ళి తన చోట, నా ఎడమపక్కన, కూర్చున్నారు.

క్రిస్మస్ నాటికలో పిల్లలకు దేవదూతల బట్టలు నేనే కుట్టాను. ఆమె కాలేజీకి పోకముందే ఇద్దామని ఒక పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. మేడ మీద పోర్షను. మెట్లెక్కుతుంటే పాట వినబడింది. ఎవరో బాగా పాడేవాళ్ళ రికార్డు పెట్టుకున్నారనుకున్నాను. పై మెట్టు మీదికి వచ్చాక, పాట మధ్యలో "ఏమండీ, పాలు పొంగుతున్నాయి" అన్నది ఆ గొంతు. అన్నాక మళ్ళీ పాట అందుకుంది.

తలుపు తీసిన మనిషిని ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయాను. ఆమె కళ్ళు అంత పెద్దవని నాకు తెలియదు. గడ్డం అందరి గడ్డంలాగే ఉంది. నవ్వితే ఆ నవ్వు రెండు చెంపల్లోకీ పోయింది.

"మీరేనా పాడింది?"

"పొద్దున్న నేనేనండీ" అన్నారు. "సాయంత్రం మీ దగ్గరికి వచ్చేది మిగిలిన ముక్క."

ఆమె భర్త వంటింట్లోంచి తొంగిచూశాడు. "పొద్దున్న ఈవిడతో వాదించి గెలవలేమండీ. నాకేం కావాలన్నా సాయంత్రమే అడుగుతాను."

"విన్నారా, ఈయన భక్తి" అని ఆమె గట్టిగా నవ్వారు. ఆమె గట్టిగా నవ్వడం అదే వినడం.

టీ ఇచ్చి, తాను బిస్కట్టుతో ఒక మాత్ర వేసుకున్నారు. అదేం చేస్తుందని అడిగాను. "ఖాళీలో పడ్డ గింజలను వెంటనే ఊడ్చేయడానికి ఒంట్లో ఒక పనిమనిషి ఉంటుందండీ. ఈ మాత్ర ఆ పనిమనిషిని కాసేపు ఆగమంటుంది. గింజలు కొంచెం ఎక్కువసేపు ఉంటే, ఉన్న నాలుగు చేతులకైనా అందుతాయి." కప్పు కింద పెట్టి, "కందుకూరులో మీ తమ్ముడు టమాటాకు కొట్టే మందులున్నాయే, వాటిలో కొన్ని దీని చుట్టాలే. అవి పనిమనిషిని పూర్తిగా పడగొడతాయి. ఊడ్చేవాళ్ళు లేక కబురు మీద కబురు పడి ఊపిరి ఆగుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోమనండి" అన్నారు.

అప్పుడు నాకు పిల్లల దోసిళ్ళు గుర్తొచ్చాయి. "మరి ఆ చేతుల మీద రుమాళ్ళు ఎవరు కప్పిన్రు టీచరమ్మా?"

"కాపలావాళ్ళు" అన్నారు. "బయటి రోగం లోపలికి రాకుండా ఒంట్లో కాపలా ఉంటుంది కదా. వాళ్ళే. ఇంటివాళ్ళనే దొంగలనుకుని మీద కూర్చున్నారు. చెడ్డవాళ్ళు కాదండీ. కాపాడుతున్నామనే అనుకుంటున్నారు."

నేను లేచాను. ఆమె బట్టల సంచి అందుకుని, దాన్ని కింద పెట్టకుండానే అన్నారు: "యుద్ధం జరుగుతుంటే మోషే చేతులెత్తి కొండ మీద నిలబడ్డాడు కదండీ. చేతులు దిగిపోతుంటే ఆయనకు విశ్వాసం తక్కువైందని ఎవరూ అనలేదు. రాయి వేసి కూర్చోబెట్టారు. చెరో పక్క నిలబడి చేతులు ఎత్తి పట్టుకున్నారు. నాకు ఇద్దరు అక్కర్లేదు. మొదటి వంతు చాలు."

ఆ కథను నేను ఎన్ని కూటాల్లో చెప్పానో లెక్కలేదు. పెద్ద కళ్ళతో నన్నే చూస్తున్నారు. అవుననడానికి అంతకంటే సులువైన పొద్దు ఉండదు.

"జూద్దాం టీచరమ్మా" అన్నాను. "పండుగ అయినంక."

"అలాగేనండీ" అన్నారు.

పండుగ అయింది. కొత్త సంవత్సరం ప్రార్థనలు అయ్యాయి. ఆమె గొంతు విని వచ్చినదాన్ని, కళ్ళు చూసి వచ్చినదాన్ని, అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు. ఎస్తేరమ్మకు ఏమని చెప్పాలన్నదే నాకు పెద్ద పనిగా కనబడింది. అగ్రపీఠం మీద అంత బాగా వర్తమానం చెప్పి, ఇప్పుడు నేనే లేచి ఆ పీఠం ఇస్తే, ఆ రోజు చెప్పింది ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది. వచ్చే వారం, వచ్చే వారం అనుకున్నాను. ప్రతి శుక్రవారం మొదటి వంతు నేనే తీసుకున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. విమానం వస్తే మాత్రం గోడకు ఆనుకునేవారు.

చలి పోయే ముందు ఆమెకు దగ్గు పట్టుకుంది. అది ఛాతీలోకి దిగింది. ఊపిరి తీయడం కూడా కండల పనే అని నాకు అప్పుడు తెలిసింది. పట్నంలోని దవాఖానలో మిషను మీద పెట్టారు. నేను వెళ్ళేసరికి కళ్ళు మూసి ఉన్నాయి.

"వింటుందండీ" అన్నాడు ఆమె భర్త. "రెప్పలే లేవట్లేదు. మాట్లాడండి."

ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థించాను. ఆమె కోసం. చేస్తుంటే తెలిసింది, ఇన్నాళ్ళూ ఆమె మా మధ్య కూర్చుని ఏం ప్రార్థించాలనుకున్నారో నాకు తెలియదని. మూడో వాక్యం తర్వాత ఏముండేదో మేము ఎవరమూ వినలేదు. నా ప్రార్థన అయ్యాక కూడా ఆ చేతిని పట్టుకుని చాలాసేపు ఉన్నాను. ఒత్తారో లేదో నాకు తెలియదు.

ప్రభువు క్షమిస్తాడని నమ్ముతాను. నమ్మకపోతే అది ఇంకో పాపం. కానీ నన్ను ఆపింది చెడ్డ తలంపు అయి ఉంటే పశ్చాత్తాపపడటం తేలిక. ఆపింది నేను చిన్ననాటి నుంచి కంఠతా పట్టిన మంచి వాక్యం. గర్వం నుంచి మమ్మల్ని కాపాడటానికి ఉన్న వాక్యమే. దాన్ని నేనే తీసుకెళ్ళి ఆమె మాట అందవలసిన చోట కూర్చోబెట్టాను.

భూస్థాపన అయిన వారం కూడుకోలేదు. మొన్న శుక్రవారం కూడుకున్నాం. నేను నా చోట కూర్చోలేదు. ఎడమపక్క ఖాళీలోకి జరిగాను.

"ఎస్తేరమ్మా, ఇయ్యాల నువ్వు మొదలువెట్టు."

"అదేంది? నువ్వుండంగ నేనా?"

"నేను ఆఖరుకు ఉంట."

"టీచరమ్మ జాగల కూసుంటవా?"

"ఆ."

ఎస్తేరమ్మ నా చోటు వంక చూసింది. కొంగు సరిచేసుకుంది. "గా ఒక్క ముచ్చట అడిగె" అన్నది, ఎవరితోనూ కాదన్నట్టు. "ఇయ్యకపోతిమి." అని వచ్చి నా చోట కూర్చున్నది.

పాటలు పాడాం. వాక్యం అయింది. ఎస్తేరమ్మ మొదలుపెట్టింది. ఆ చోటు నుంచి చూస్తే ప్రార్థన ఎంత పొడుగో నాకు ఇన్నేళ్ళలో తెలియలేదు. గొంతు పాటలకే ఎండిపోయింది. ఇరుపక్కలా పట్టుకున్న చేతులు భుజాలను కిందికి లాగుతున్నాయి. ఒకరి తర్వాత ఒకరు, పిల్లల చదువులు, భర్తల తాగుడు, కంపెనీలో డ్యూటీలు. రేకులు వణికాయి. అందరూ ఆగారు. నేను గోడకు ఆనుకున్నాను. వీపుకు గోడ చల్లగా తగిలింది. చప్పుడు పోయింది. మళ్ళీ నిటారుగా కూర్చున్నాను.

రాహేలు వంతు వచ్చింది. తన కోసం ఏమీ అడగలేదు. టీచరమ్మను ఇచ్చినందుకు స్తోత్రం అన్నది, అక్కడ ఆగింది. తర్వాత మౌనం. నేను ఎదురుచూశాను. ఏడుస్తున్నదేమో, తొందరపెట్టకూడదనుకున్నాను. ఈసారి ఎంతసేపైనా ఆగుదామనుకున్నాను. ఎవరో మోకాళ్ళు సర్దుకున్నారు. ఎస్తేరమ్మ దగ్గింది. ఇంకో విమానం వచ్చి పోయింది. అయినా ఏమీ అందలేదు.

చివరికి కళ్ళు తెరిచాను. రాహేలు నన్నే చూస్తున్నది.

"అయిపోయిందా రాహేలూ?"

"ఎప్పుడో ఒత్తిన గదక్కా" అన్నది. "నీకే తెల్వలే."

ఆమె చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. బకెట్లు మోసి, నేలలు తుడిచి కాయలు కాసిన చెయ్యి. బలమైన చెయ్యి. దాని ఒత్తే నాకు అందలేదు.